చర్చ ముగిసిన పిమ్మట

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడగా, తరగతులు ఫోనులలోనికి మారినవి. వానితోపాటు విద్యార్థుల చర్చలును ఆన్‌లైన్‌లో సాగినవి.

పుంగనూరు పొట్టిజాతి ఆవులు చర్చనీయాంశమైనచో, "ఇవి కొద్ది మేతతో బ్రతుకును, పాలలో వెన్న యెక్కువ, ఈ జాతి నశింపరాదు" అని మదనపల్లె బాలిక వాదింపవచ్చును. "ఇవి ఇచ్చు పాలు తక్కువ, పాడిపై బ్రతుకు కుటుంబమునకు సంకరజాతి ఆవే ఆధారము" అని కుప్పము బాలుడు బదులు చెప్పవచ్చును. ఇద్దరి మాటలోను సత్యము కలదు.

గౌతముని న్యాయసూత్రములు ఇట్టి చర్చలను మూడు విధములుగా విభజించినవి. సత్యము నెరుగుటకు చేయునది వాదము. గెలుపే గురిగా చేయునది జల్పము. తన పక్షమును నిలుపక యెదుటివాని మాటను ఖండించుటయే పనిగా గలది వితండము. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తియు సంభాషణను గెలుపోటములకు గాక సత్యాన్వేషణకే వినియోగించెను.

ఆన్‌లైన్ చర్చలో మరియొక చిక్కు కలదు. ఆ ఆవులను స్వయముగా మేపు పుంగనూరు రైతుబిడ్డ, సిగ్నలు తెగి, మాట నడుమనే ఆగిపోవచ్చును. అతనికి ఫోనే లేకపోవచ్చును. ఆ మౌనమును అంగీకారముగా నెంచుట న్యాయము కాదు.

కావున చర్చ ముగిసిన పిమ్మట విద్యార్థి తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. ఎదుటివాని వాదమును అతడు ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పగలనా? నా అభిప్రాయములో మారినదేమి? ఎవరి మాట వినబడలేదు? వినబడని వాని అభిప్రాయమును మరునాడైనను వ్రాయించి తెప్పించి, తరగతిలో చదివినప్పుడే ఆ చర్చ పూర్తియగును.