స్వల్పవ్యయముతో దేహభారమును తగ్గించుకొనుట

పరీక్షలు సమీపించిన కొలది విద్యార్థికి పుస్తకములు పెరుగును, నిద్ర తగ్గును, ఆటలు నిలిచిపోవును. వీనితోపాటు పలువురకు దేహభారమును పెరుగును. తోడివారి పరిహాసమునకు నొచ్చుకొని యుదయపు ఫలహారమును మానివేయు బాలికలను, ప్రకటనలలో చూచిన పొడులను కొనిపెట్టుమని తల్లిదండ్రులను పీడించు బాలురను మనమెరుగుదుము. "సన్నబడుటకు ధనమును తీరికయు కావలెను; మాకా రెండును లేవు" అని నిరాశతో నూరకుండువారును కలరు. ఈ మార్గములలో నేదియు మంచిది కాదు. విద్యార్థి దేహమును బరువెక్కించు పదార్థములలో హెచ్చు భాగము అతడు ప్రత్యేకముగా వెలయిచ్చి కొనినవే. వానిని తగ్గించినచో బరువుతోపాటు వ్యయమును తగ్గును. కావున స్వల్పధనుడైన విద్యార్థికి తన పేదరికము ఈ కార్యమున ఆటంకము కాదని మేము తలంచుచున్నాము. ఈ సంగతినే యిచ్చట వివరింప దలచితిమి.

మొట్టమొదట, బరువు తగ్గవలసిన యవసరము నిజముగా నున్నదా యని తెలిసికొనవలెను. ఇందులకు అద్దముగాని స్నేహితుల మాటగాని ప్రమాణము కాదు. బెల్జియము దేశీయుడగు కెట్లే యను గణితశాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దమున నొక లెక్కను కనిపెట్టెను. బరువును కిలోగ్రాములలో వ్రాసి, ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ యెత్తును దానిచేతనే హెచ్చించి, వచ్చిన మొత్తముచే బరువును భాగింపవలెను. 160 సెంటిమీటర్ల యెత్తును 64 కిలోల బరువును గలవానికి ఈ లెక్క 25 వచ్చును. మన దేశపు వయోజనులకు 23 దాటిన బరువు హెచ్చనియు, 25 మొదలు స్థూలకాయమనియు వైద్యులు నిర్ణయించియున్నారు. కాని 18 ఏండ్లు నిండని వారికి ఈ సంఖ్యలు వర్తింపవు. వారి వయస్సును, బాలుడా బాలికయా యనుదానిని బట్టి వేరు పట్టికలు కలవు. వైద్యుడు వానిని చూచి చెప్పవలెను. ఎదుగుచున్న వారిలో పలువురకు బరువు తగ్గుటకంటె, అది నిలుకడగా నుండి ఎత్తు పెరుగుటయే చాలును.

ఇక దేహము బరువెక్కుటకు కారణమేమి? గృహస్థుని జమాఖర్చుల వంటిదే దేహపు లెక్కయు. ఆహారమువలన వచ్చు శక్తి జమ. శ్వాసించుట, నడచుట, పనిచేయుట, ఎదుగుట మున్నగునవి ఖర్చు. జమ మిగిలినచో నది క్రొవ్వుగా నిలువయుండును. ఈ శక్తిని కేలరీలతో కొలుతురు. పిండిపదార్థము, చక్కెర, మాంసకృత్తులు గ్రాము 1కి 4 కేలరీల చొప్పున నిచ్చును; నూనెయు నేయియు 9 చొప్పున నిచ్చును. దేహమునందలి క్రొవ్వు ఒక కిలో తగ్గవలెనన్న సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావలెను. దినమునకు 250 కేలరీలు మిగులకుండ చూచుకొనిన వయోజనునికి నెలకొక కిలో తగ్గుననుట ఈ లెక్కను బట్టియే. దేహము తేలికయైన కొలది దాని ఖర్చును తగ్గును గనుక, పిదప ఈ వేగము మందగించును. అందులకు విద్యార్థి దిగులుపడరాదు.

ఆ 250 కేలరీలు ఎచ్చట దాగియున్నవో వెదకుదము. భోజనపు చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలున్నవి. దినమునకు మూడుమార్లు రెండేసి చెంచాల చక్కెర వేసికొని తేనీరు త్రాగువానికి చక్కెరవలననే దాదాపు 100 కేలరీలు చేరును. పావు లీటరు చల్లని పానీయపు సీసాలో సాధారణముగా 25 గ్రాముల చక్కెర యుండును. సాయంకాలము బడి విడువగానే బండివద్ద కొను బజ్జీలు, పునుగులు, సమోసాలు త్రాగిన నూనెను ఎవరును కొలువరు. కూనూరులో 1918లో సర్ రాబర్టు మెక్కారిసను ప్రారంభించిన పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయని ప్రసిద్ధి చెందినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహారసూత్రములలో నూనెను మితముగా వాడుమనియు, చక్కెరను ఉప్పును తగ్గింపుమనియు బోధించెను. కావున అన్నముమీద కోపగించుటకు ముందు విద్యార్థి తన జేబునుండి పోవు చిల్లరను ఒక వారము వ్రాసి చూచుకొనవలెను. ఆ కాగితమే అతని రోగనిర్ణయ పత్రము.

అయినచో భోజనమునే మానిన త్వరగా సన్నబడమా యని కొందరడుగుదురు. లంఖణము పరమౌషధమను సామెత జ్వరపడినవానికి చెప్పినదిగాని ఎదుగుచు చదువుకొను వానికి కాదు. రెండవ ప్రపంచయుద్ధము చివరి దినములలో, 1944, 45 సంవత్సరములందు, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష జరిపెను. కరవుపాలైన జనులకు తిరిగి ఆహారమెట్లు పెట్టవలెనో తెలిసికొనుట దాని యుద్దేశము. అంతరాత్మకు విరుద్ధమని ఆయుధము పట్ట నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులగు యువకులు తమంతట తాము అందులకు ముందుకు వచ్చిరి. 24 వారములు వారికి అరకొర భోజనమే పెట్టిరి. వారి బరువులో దాదాపు నాలుగవ వంతు తగ్గెను. కాని వారికి పగలును రేయియు తిండి ధ్యాసయే పట్టుకొనెను. కొందరు వంట పుస్తకములను చదువుచు కూర్చుండిరి. కోపమును విచారమును హెచ్చెను. ఇతర విషయములందు ఆసక్తి నశించెను. పరీక్ష ముగిసిన తరువాత ఎంత తినినను తృప్తి కలుగక పలువురు మునుపటికంటె హెచ్చు క్రొవ్వును కూడబెట్టుకొనిరి. ఆకలితో కృశించువాడు పాఠమునందు మనస్సు నిలుపజాలడనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలయునా? మన బాలికల విషయమున నిది మరింత ప్రమాదకరము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అట్టివారు పూటలు మానినచో సన్నబడుటకు మారుగా జబ్బుపడుదురు.

కావున మానవలసినది భోజనము కాదు. మార్చవలసినది విస్తరిలోని పాళ్లు. అన్నము తగ్గించి కూరయు పప్పును హెచ్చించుట ముఖ్యసూత్రము. విస్తరిలో సగము కూరగాయలును ఆకుకూరలును, పావు భాగము అన్నముగాని రొట్టెగాని, మిగిలిన పావు పప్పు, గ్రుడ్డు, చేప వంటివియు నుండిన మేలు. తోటకూర, గోంగూర, బచ్చలి, మునగాకు, సొరకాయ, దోసకాయ మన సంతలలో చవకగా దొరకునవే. పెసలు, శనగలు, ఉలవలు నూరు గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. రాత్రి నానవేసిన పిడికెడు శనగలను ఉదయమున ఉడికించి తినుటకు ఎంత సేపు పట్టును? ఒక చిన్న సీసా చల్లని పానీయపు వెలను గ్రుడ్లకు వినియోగింపవచ్చును. ఒక్కొక్క గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులున్నవి. ఆ సీసాకు బదులు పలుచని మజ్జిగయు, బజ్జీలకు బదులు జామపండును చాలును.

ఇచ్చట రెండు భ్రమలను తొలగింపవలసియున్నది. రాగి సంకటియు జొన్నరొట్టెయు తినినంత మాత్రమున సన్నబడుదుమని కొందరి నమ్మకము. వానిలోని శక్తి బియ్యమునందలి దానికంటె మిక్కిలి తక్కువేమియు కాదు. అయితే వానియందు పీచు హెచ్చుగా నుండుటచే కడుపు త్వరగా నిండును. రాగులలో సున్నపు సత్తువయు విస్తారము. కొలత మీరి తినిన ఫలము లేదు. వేరుశనగలు మంచివే గాని వానిలో దాదాపు సగము నూనెయే గనుక గుప్పెడు చాలును. వసతిగృహములలో నున్నవారు వంటను తామే మార్చుకొనజాలరు. అయినను మొదట కూరయు పప్పును వడ్డించుకొని, వానితో సగము ఆకలి తీరిన పిమ్మట అన్నము రెండవమారు అడుగవలెనా యని యోచించుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.

ఖర్చు వైపు చూతము. కూర్చుండి తినిన కొండలైనను కరగునందురు. కాని దేహము మాత్రము కరగదు. లండను నగరమున జెరెమీ మోరిస్ అను వైద్యుడు బస్సు ఉద్యోగులను పరిశీలించెను. రెండంతస్తుల బస్సులలో రోజంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకంటె, కూర్చుండియుండు డ్రైవర్లకు గుండెజబ్బులు హెచ్చుగా వచ్చుచున్నవని 1953లో ప్రకటించెను. పిదప 1956లో వారి ఉద్యోగపు దుస్తుల కొలతలను పరిశీలింపగా డ్రైవర్ల నడుములే లావని తేలినది. ఒకే బస్సు, ఒకే వీధులు. భేదము కూర్చుండుటయందే కలదు. తరగతిలోను, ట్యూషనులోను, ఇంటిలోను కూర్చుండు విద్యార్థి ఆ డ్రైవరు వంటివాడు.

5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములు చురుకుగా దేహమునకు పని చెప్పవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ గంట ఒక్కసారిగానే దొరకనక్కరలేదు. దిగవలసిన చోటికి ఒక మజిలీ ముందే బస్సు దిగి వడిగా నడచుట, నీళ్లు మోయుట, తోటపని, మధ్యాహ్నపు విరామమున కబడ్డీ, త్రాడాట—ఇవన్నియు లెక్కకు వచ్చును. పద్యములును ఎక్కములును వల్లెవేయువారు నడచుచునే వల్లెవేయవచ్చును. 60 కిలోల మనుష్యుడు గంటసేపు వడిగా నడచిన ఖర్చగునది 200 మొదలు 250 కేలరీలు. అనగా రెండు చెంచాల నూనె. నడక యొక్కటియే చాలదనియు, తిండి యొక్కటియే చాలదనియు ఈ లెక్కయే చెప్పుచున్నది.

నిద్రయు ఈ చికిత్సలో భాగమే. 2004లో చికాగో విశ్వవిద్యాలయమున కొందరు యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రింపనిచ్చి చూడగా, ఆకలి పుట్టించు రసము వారి రక్తమున పెరిగినది. తృప్తి కలిగించునది తగ్గినది. తీపి వస్తువులందును పిండివంటలందును కోరిక హెచ్చినది. 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెను. అర్ధరాత్రి దాటువరకు ఫోను చూచుచు మేలుకొని, ఆ మేలుకొలుపునకై చక్కెర తేనీరు త్రాగువాడు రెండు విధముల నష్టపోవుచున్నాడు.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును ఒక మనవి. బిడ్డను "లావు" అని పేరుపెట్టి పిలుచుట మందు కాదు, అది గాయము. నలుగురిలో నవ్వులపాలైనవాడు ఆటస్థలమునకు పోవుట మానును, చాటుగా తినుట నేర్చుకొనును. ఇంటిలో నూనె తగ్గింపదలచిన అందరికిని తగ్గింపుడు. ఒక్క బిడ్డకే వేరు విస్తరి వేయకుడు. వారములలో సన్నబడుదురని చెప్పి అమ్ము పొడులకు, మాత్రలకు, కషాయములకు వెచ్చించు ధనముతో ఇంటిల్లిపాదికిని పండ్లు వచ్చును. అకస్మాత్తుగా బరువు పెరిగినను తగ్గినను, మిక్కిలి నీరసమున్నను, బాలికలకు నెలసరి తప్పినను వైద్యునికి చూపింపవలెను.

విద్యార్థులారా, మేము చెప్పినదంతయు నేడే ప్రారంభింప నక్కరలేదు. ఈ వారము చల్లని పానీయమును మానుడు. వచ్చు వారము తేనీటిలో చక్కెరను సగము చేయుడు. ఆపై వారము బస్సును ఒక మజిలీ ముందు విడువుడు. బరువును దినమున కొకమారు గాక వారమున కొకమారు చూచుకొనుడు. మిగిలిన చిల్లరను వేరుగా దాచిన, సంవత్సరాంతమున కొన్ని మంచి పుస్తకములు కొనవచ్చును. దేహము తేలికపడుటయు, జేబు బరువెక్కుటయు ఒక్కసారిగా సంభవించు కార్యములు లోకమున అరుదు. ఇది వానిలో నొకటి.