పని నేర్పే కోర్సుకు ఏ పరీక్ష పెట్టాలి?

వేసవి దగ్గరపడితే మా నోయిడా క్వార్టర్సులో సాయంత్రం కబుర్లన్నీ అడ్మిషన్ల చుట్టూనే తిరుగుతాయి. మామూలు డిగ్రీ కాకుండా ఏదైనా పని నేర్పే కోర్సులో చేర్పిస్తే ఎలా ఉంటుందని అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు. ఫీజెంత, హాస్టల్ ఎలా ఉంటుంది, ఉద్యోగాలు వస్తున్నాయా అని అందరూ వాకబు చేస్తారు. అక్కడ పరీక్షలు ఎలా పెడతారని అడిగినవాళ్లు మాత్రం నాకింతవరకు తారసపడలేదు. నన్నడిగితే మొదట తెలుసుకోవలసింది అదే. సిలబస్ పుస్తకంలో ఏమున్నా పిల్లలు చదివేది ప్రశ్నపత్రాన్ని బట్టే. బిట్లు ఇస్తారంటే బిట్లు బట్టీ పడతారు. చేసి చూపించమంటారని తెలిస్తే చేయడం నేర్చుకుంటారు.

మన బ్యాంకు పనినే ఉదాహరణగా తీసుకుందాం. ఇంట్లో అందరికీ ఎంతో కొంత తెలిసినదే కదా. క్యాష్ కౌంటర్లో దొంగనోటు వస్తే ఏం చేయాలో రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. ఒకే లావాదేవీలో 4 నోట్ల దాకా దొరికితే నెలాఖరున అన్నిటికీ కలిపి పోలీసులకు నివేదిక పంపాలి. 5 గానీ అంతకు మించి గానీ దొరికితే వెంటనే ఎఫ్ఐఆర్ కోసం ఫిర్యాదు చేయాలి. ఈ సంగతి తెలుసో లేదో చూడడానికి ఒక బిట్టు చాలు, అర నిమిషంలో తేలిపోతుంది. 500 రూపాయల నోటును కొంచెం వంచితే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుందని, చూపు లేనివారు తడిమి గుర్తుపట్టడానికి ఒక్కో అంచున 5 గీతలుంటాయని తెలుసా అంటే, దానికీ బిట్టు సరిపోతుంది.

అయితే 5 గీతలని టిక్కు పెట్టినవాడికి, కట్ట లెక్కపెడుతున్నప్పుడు కాగితం తేడా వేలికి తగులుతుందా? కట్ట చేతికిచ్చి పక్కన నిలబడితే తప్ప తెలియదు. ఇంకొకటి దీనికన్నా కష్టం. దొంగనోటును తిరిగి ఇవ్వకూడదు. దానిమీద ముద్ర కొట్టి, తెచ్చినవారికి రసీదు ఇవ్వాలి. ఎదురుగా ఉన్నది పెన్షన్ డబ్బుతో వచ్చిన పెద్దాయన. “నిన్న మీ ఏటీఎంలోంచి వచ్చిందే కదా బేటా, నాకే ఇచ్చెయ్” అంటున్నాడు. వెనకాల లైను పెరిగిపోతోంది. గొంతు పెంచకుండా, నియమం తప్పకుండా, ఆయన్ను దొంగను చేసినట్టు అనిపించకుండా మాట్లాడాలి. దీన్ని ఏ ప్రశ్నపత్రమూ కొలవలేదు. ఒకరిని ఖాతాదారుగా కూర్చోబెట్టి, విద్యార్థి చేత మాట్లాడించి చూడాలి. ఒక్క దొంగనోటు వెనక మూడు రకాల నేర్పులున్నాయి, మూడింటికీ పరీక్ష వేరు.

అమెరికాకు చెందిన వైద్యవిద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో ఇదే విషయాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. విషయం తెలిసి ఉండడం, ఎలా వాడాలో తెలిసి ఉండడం, చేసి చూపించగలగడం, అసలు ఉద్యోగంలో రోజూ అలాగే చేయడం. ఆయన చెప్పింది డాక్టర్ల కోసం. ఎలక్ట్రీషియన్‌కైనా, వంట నేర్చుకునేవాడికైనా, టెల్లర్‌కైనా అది అంతే పనికొస్తుంది.

ఇంతమాత్రాన బిట్ పేపరును తీసిపారేయనక్కరలేదు. లక్షలమంది రాసే ఐబీపీఎస్ పరీక్షలో తొలి వడపోతకు మరో దారి లేదు. దిద్దేవారి కోపతాపాలతో పనిలేదు, ఎవరి అబ్బాయో కంప్యూటరుకు తెలియదు. గుడ్డిగా పెట్టేవారికి కూడా అందులో లెక్క ఉంది. ప్రశ్నకు 5 ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత అనుకోండి. 100 ప్రశ్నలు కళ్లు మూసుకుని పెడితే సగటున 20 ఒప్పులు, 80 తప్పులు. 80 పావులు 20 కనుక చివరికి మిగిలేది సున్నా. మన జేఏఐఐబీలో కోత లేదు. 4 ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున నూటికి పాతిక వస్తాయి. (పాసవడానికి ఆ పాతిక చాలదు లెండి. నాన్న పరీక్ష కోసం నెలంతా టీవీ కట్టేసిన పిల్లలు ఇది చదివి ఆయన్ను ఆటపట్టించవద్దని మనవి.)

బిట్లలోనూ తేడా ఉంది. ఢిల్లీలో ఐటీఓ దగ్గర కార్యాలయం ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, ఇంటర్మీడియట్, ఫైనల్ పేపర్లలో 30 శాతం మార్కులు బిట్లకు కేటాయించింది. ఒక సంస్థ పరిస్థితిని వివరించి, దాన్ని ఆధారం చేసుకుని అడిగే ప్రశ్నలు వాటిలో ఉంటాయి. నిర్వచనం బట్టీ పట్టినవాడికి అవి లొంగవు. మిగిలిన 70 శాతం రాసే జవాబులు. ఆపైన ఒక సీఏ దగ్గర రెండేళ్ల ఆర్టికల్‌షిప్ ఎలాగూ ఉంది. మిల్లర్ చెప్పిన నాలుగో మెట్టు అదే.

స్కూలు స్థాయికి వస్తే, సీబీఎస్ఈ నైపుణ్య సబ్జెక్టుల్లో పదో తరగతికి థియరీ 50, ప్రాక్టికల్ 50 మార్కులు. 11, 12 తరగతులకు 60, 40. ఆ జాబితాలో బ్యాంకింగ్ కూడా ఉంది. ప్రాక్టికల్ కిందకు చేసి చూపించడం, వైవా, ప్రాజెక్టు, రికార్డు ఫైలు వస్తాయి. కాగితం మీద చక్కటి అమరిక. చిక్కంతా ఆ ఫైలు దగ్గర వస్తుంది.

ఒకసారి ఎన్‌సీఆర్‌లోని ఒక స్కూలుకు పరిశీలకుడిగా వెళ్లాను. 30 దాకా ఫైళ్లు బల్లమీద పేర్చి ఉన్నాయి. అన్నిటా అదే చెక్కు బొమ్మ, అవే వాక్యాలు, చాలావాటికి ఒకే షాపు వేసిన స్పైరల్ బైండింగ్. ఒక అమ్మాయి ఫైలు మాత్రం కొట్టివేతలతో, సిరా మరకలతో ఉంది. చెక్కు మీద రెండు గీతలెందుకు గీస్తారని వరసగా అడుగుతూ వచ్చాను. తక్కినవాళ్లు నిర్వచనం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. ఈ అమ్మాయి, “మా నాన్న కొట్టుకు వచ్చే చెక్కుల మీద ఉంటాయి సార్. కౌంటర్లో డబ్బు చేతికివ్వరు, ఖాతాలోనే వేస్తారు. పోయినా భయం లేదు” అంది. ఫైలుకు మాత్రమే మార్కులు వేస్తే ఆమెకు అందరికన్నా తక్కువ వచ్చేవి. అందుకే ఇంటి దగ్గర చేసి తెచ్చే దేనికైనా, అందులో ఏముందో నోటితో చెప్పించకుండా మార్కులు వేయకూడదంటాను. ఏఐ ఐదు నిమిషాల్లో ప్రాజెక్టు రాసిపెట్టే ఈ రోజుల్లో ఆ అవసరం మరీ ఎక్కువ. గ్రూపు ప్రాజెక్టులకూ అంతే. నా ఎంబీఏ రోజుల్లో ఆరుగురి గ్రూపులో ఇద్దరు చేసేవారు, మార్కులు మాత్రం ఆరుగురికీ సమానం.

వైవాకు కూడా ఒక లోపముంది. ఒకడికి తేలిక ప్రశ్న పడుతుంది, ఇంకొకడికి భోజనం ఆలస్యమైన ఎగ్జామినర్ పడతాడు. దీనికి విరుగుడు స్కాట్లండ్‌లోని డండీలో దొరికింది. 1975లో రొనాల్డ్ హార్డెన్ అనే ఆచార్యుడు, ఆయన బృందం వైద్య విద్యార్థుల కోసం వరసగా కొన్ని స్టేషన్లు ఏర్పాటు చేశారు. ఒక్కో చోట ఒక్కో పని, అందరికీ అదే పని, అంతే సమయం. చూసేవారి చేతిలో ముందే తయారైన చెక్‌లిస్టు. ఈరోజు మెడికల్ కాలేజీల్లో పిల్లలు ఓఎస్‌సీఈ అనే పరీక్ష అదే.

బ్యాంకింగ్ క్లాసులోనూ ఇది సాధ్యమే. ఒక బల్ల మీద సంతకం తప్పిపోయిన ఖాతా ఫారం, ఇంకో బల్ల మీద లెక్కపెట్టవలసిన నోట్ల కట్ట, మరో చోట కోపంగా ఉన్న ఖాతాదారు. ఇలా 5 బల్లలు, ఒక్కోదానికి 5 నిమిషాలు. 30 మందిని అయిదేసి మందిగా తిప్పితే రెండున్నర గంటల్లో పూర్తవుతుంది. కాకపోతే అయిదుగురు పరిశీలకులు కావాలి, వాళ్లకు ముందుగా తర్ఫీదు ఇవ్వాలి. చిన్న సంస్థలకు ఇది ఖర్చే. కాబట్టి వారం వారం బిట్లు, టర్ము చివర ఇలాంటిది ఒకటి అనుకున్నా మంచిదే.

2024 జూలైలో నైపుణ్య కోర్సుల రుణ పరిమితిని లక్షన్నర నుంచి 7.5 లక్షలకు పెంచారు. అప్పు చేసి చేరేముందు కిందటేడాది ప్రాక్టికల్ ప్రశ్నపత్రం, మార్కులు వేసిన చెక్‌లిస్టు చూపించమనండి. ఎగ్జామినర్ బయటినుంచి వస్తారా, పాఠం చెప్పినవారే మార్కులు వేస్తారా కనుక్కోండి. ఇంకొకటి కూడా అడగండి. థియరీలో 80 వచ్చి, ప్రాక్టికల్లో తప్పిన విద్యార్థికి సర్టిఫికెట్ ఇస్తారా? ఇవ్వమని గట్టిగా చెప్పే చోట ఫీజు సంగతి మాట్లాడవచ్చు.