వేళ్ల కదలికను మోసే తీగ: మిడి, అరేంజర్ కీబోర్డుల కథ

వాయించేవారు ఎడమచేత్తో పట్టిన కార్డును, అంటే ఒకేసారి నొక్కిన కొన్ని స్వరాల సముదాయాన్ని గుర్తించి, దానికి తగిన మంద్రస్వరాలను, తాళవాద్యాలను, గిటారు మీటులను తనంతట తానే కూర్చి, కుడిచేతి బాణీకి పక్కవాద్యంగా నిలబెట్టే ఎలక్ట్రానిక్ వాద్యమే అరేంజర్ కీబోర్డు. పెళ్లి వేదికల మీది ఆర్కెస్ట్రాలలో, చర్చి ఆరాధనలలో, పాఠశాల వార్షికోత్సవాలలో తెలుగువారికి ఇది చిరపరిచితమే. అయితే ఈ వాద్యంలోని స్వరాలను పలికించడానికి దాని సొంత మెట్లే అక్కరలేదు. పక్కన కూర్చున్న ప్యాడిస్టు కొట్టే పలకల వాద్యమైన ఆక్టాప్యాడ్, కాలికింద ఉన్న పెడల్ పలక, మరొక కీబోర్డు, చివరికి ఊది వాయించే ఎలక్ట్రానిక్ గొట్టం కూడా దానిని నడిపించగలవు. ఇలా బయటినుంచి నడిపించే సాధనాలను కంట్రోలర్లు అని, అవి అరేంజర్‌తో మాట్లాడే భాషను మిడి అని పిలుస్తారు. నలభయ్యేళ్లు దాటినా వాడుక తగ్గని ఈ భాష పుట్టుక, దాని పనితీరు, అరేంజర్ దగ్గర అది ఎదుర్కొనే ప్రత్యేక చిక్కులు తెలిస్తే, ఒక సాంకేతిక ప్రమాణం దీర్ఘకాలం మనగలగడానికి కారణమేమిటో బోధపడుతుంది.

1970లలో సింథసైజర్లు, అంటే విద్యుత్ తరంగాలతో నాదాన్ని సృష్టించే వాద్యాలు, ఒకదానినొకటి వోల్టేజీ ద్వారా నడిపించేవి. అమెరికాలో మూగ్ సంస్థ అనుసరించిన పద్ధతిలో శ్రుతి ఒక స్థాయి పెరగడానికి ఒక వోల్టు పెరగాలి. జపాన్‌లో యమహా, కోర్గ్ సంస్థల వాద్యాలు కొన్నింటిలో వోల్టేజీ పౌనఃపున్యానికి అనులోమంగా ఉండేది కనుక, స్థాయి పెరిగిన ప్రతిసారీ వోల్టేజీ రెట్టింపు కావాలి. ఈ రెండు పద్ధతుల వాద్యాలను నేరుగా కలిపితే శ్రుతి కుదరదు. పైగా ఒక తీగ ఒక స్వరాన్ని మాత్రమే మోయగలదు కాబట్టి, కార్డులు పంపాలంటే తీగల కట్టలే కావాలి. మైక్రోప్రాసెసర్లు వాద్యాలలోకి వచ్చాక సంస్థలు సంఖ్యారూపంలో సందేశాలు పంపే పద్ధతులు కనిపెట్టినా, ఎవరి పద్ధతి వారిదే, ఎవరి ప్లగ్గు వారిదే కావడంతో వేర్వేరు సంస్థల వాద్యాల మధ్య గోడలు అలాగే ఉండిపోయాయి.

ఆ గోడలను తొలగించడానికి పూనుకున్న ఇకుతారో కకెహషికి అరేంజర్ పూర్వచరిత్రలోనూ స్థానం ఉంది. 1930లో ఒసాకాలో పుట్టిన ఆయన, తన ఏస్ టోన్ సంస్థ నుంచి 1967లో రిథమ్ ఏస్ అనే యంత్రాన్ని విడుదల చేశాడు. బటన్ నొక్కితే వాల్ట్జ్, రుంబా వంటి 16 లయలలో ఏదో ఒకటి మోగించే ఆ పెట్టెను హామండ్ సంస్థ తన ఆర్గన్లకు జతచేసుకుంది. ఇంటిలో ఒంటరిగా ఆర్గన్ వాయించేవారికి యంత్రమే తాళం వేసిపెట్టే ఈ సౌకర్యానికి, తర్వాతి కాలంలో కార్డును గుర్తించే ఏర్పాటు, మంద్రస్వరాల వరుసలు తోడై అరేంజర్ కీబోర్డు రూపుదిద్దుకుంది. 1972లో రోలండ్ సంస్థను స్థాపించిన కకెహషి, 1981లో అమెరికన్ వాద్య నిర్మాత టామ్ ఒబెర్‌హైమ్ వద్ద ఉమ్మడి ప్రమాణం ప్రస్తావన తెచ్చాడు. ఆ మాట సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అధిపతి డేవ్ స్మిత్‌కు చేరింది. స్మిత్ తన సహోద్యోగి చెట్ వుడ్‌తో కలిసి అదే ఏడాది న్యూయార్క్‌లో జరిగిన ఆడియో ఇంజనీర్ల సదస్సులో అన్ని సింథసైజర్లకూ పనికివచ్చే ఒక అనుసంధాన పద్ధతిని ప్రతిపాదించాడు. యమహా, కోర్గ్, కవాయ్ సంస్థలు కూడా చేరిన సుదీర్ఘ సంప్రదింపుల తర్వాత, 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో జరిగిన వాద్య ప్రదర్శనలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ను, రోలండ్ జూపిటర్-6ను ఒక తీగతో కలిపి, ఒకదానిమీద వాయిస్తే రెండోది పలికేలా చూపించారు. ఆ ఏడాది ఆగస్టులో మిడి 1.0 ప్రమాణం అచ్చయింది. దాన్ని వాడుకోవడానికి ఎవరూ ఎవరికీ రుసుము చెల్లించనక్కరలేదన్న నిర్ణయం, దాని సాంకేతిక గుణాలకు తీసిపోని ప్రాధాన్యం గలది. ఈ కృషికి కకెహషి, స్మిత్‌లకు 2013లో సాంకేతిక విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది.

మిడి తీగలో నాదం ప్రవహించదన్నది ముందుగా గ్రహించవలసిన విషయం. స్వరలిపి రాసిన కాగితం తాను పాడకపోయినా ఏ స్వరం ఎప్పుడు పాడాలో గాయకుడికి చెప్పినట్టు, మిడి సందేశం కూడా ఏ మెట్టును ఎంత బలంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో మాత్రమే చెబుతుంది. పలికే పని అందుకున్న వాద్యానిది. ఉదాహరణకు కీబోర్డు నడిమి సి స్వరాన్ని కొంచెం గట్టిగా నొక్కితే 144, 60, 100 అనే మూడు సంఖ్యలు బయలుదేరుతాయి. మొదటిది "ఒకటో ఛానల్‌లో స్వరం మొదలైంది" అనీ, రెండోది అది 60వ స్వరమనీ, మూడోది నొక్కిన వేగం 127కు 100 అనీ చెబుతాయి. ఛానల్ అంటే ఒకే తీగ మీద సందేశాలను వేరుపరిచే గుర్తు. ఇవి 16 ఉంటాయి. పదో ఛానల్ సందేశమైతే మొదటి సంఖ్య 153 అవుతుంది. సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడిచే ఈ తీగలో ఒక్కో సంఖ్యకు 320 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, స్వరం కబురు చేరడానికి దాదాపు ఒక మిల్లీసెకను చాలు. 10 వేళ్లతో పట్టిన కార్డు మొత్తం చేరడానికి 10 మిల్లీసెకన్ల లోపే సరిపోతుంది.

తీగ చివర ఉండే గుండ్రటి ప్లగ్గులో 5 పిన్నులున్నా, సందేశానికి వాడేవి రెండే. మరొకటి బయటి విద్యుత్ అలజడి సోకకుండా కాపాడే కవచానికి చెందినది. ఆ రెండు పిన్నుల మీదుగా వచ్చే 5 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం అవతలి వాద్యంలో ఆప్టో కప్లర్ అనే చిన్న భాగంలో ఒక దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది. ఎదురుగా ఉన్న కాంతిగ్రాహకం ఆ వెలుగును చదివి మళ్లీ సంఖ్యలుగా మారుస్తుంది. రెండు వాద్యాల మధ్య విద్యుత్ సంబంధం లేకుండా కాంతి మాత్రమే వంతెనగా నిలవడం వల్ల, వేర్వేరు ప్లగ్గు పాయింట్ల నుంచి కరెంటు తీసుకునే పరికరాలను కలిపినప్పుడు స్పీకర్లలో వినిపించే గుయ్‌మనే రొద ఈ మార్గంలో చొరబడదు. తీగ పొడవు 15 మీటర్లు మించకూడదని ప్రమాణం నిర్దేశిస్తుంది.

నాదం ఒకచోట, చేష్ట మరొకచోట ఉండవచ్చని తేలాక, స్వరమే లేని వాద్యాలు పుట్టుకొచ్చాయి. 1985లో రోలండ్ తెచ్చిన తొలి ఆక్టాప్యాడ్‌లో సొంత ధ్వని ఒక్కటీ లేదు; దాని 8 పలకలు కొట్టిన దెబ్బను సందేశంగా మార్చి ఇతర వాద్యాలకు పంపేవి. మన ఆర్కెస్ట్రాలలో కనిపించే తర్వాతి నమూనాలలో ధ్వనులు కూడా ఉన్నాయి గానీ, కంట్రోలర్‌గా పనిచేసే గుణం పోలేదు. 1987లో యమహా తెచ్చిన డబ్ల్యూఎక్స్7 ఊపిరి ఒత్తిడిని సందేశంగా మార్చే వాయువాద్యం. ఐరోపాలో అకార్డియన్ కళాకారులు తమ వాద్యంలో మిడి పరికరం అమర్చుకుని, కుడిచేతి మెట్లను ఒక ఛానల్‌కు, ఎడమచేతి కార్డు బటన్లను మరొక ఛానల్‌కు, మంద్రస్వర బటన్లను ఇంకొక ఛానల్‌కు కేటాయించి, అరేంజర్ పెట్టె మొత్తాన్ని భుజాన ఉన్న వాద్యంతోనే నడిపిస్తారు.

మామూలు సింథసైజర్ వచ్చిన స్వరాన్ని పలికి ఊరుకుంటుంది. అరేంజర్ మాత్రం ఆ స్వరం బాణీకి చెందినదా, కార్డుకు చెందినదా, తాళానికి చెందినదా అని తేల్చుకోవాలి. సొంత మెట్ల మీదైతే ఎడమ, కుడి భాగాలను విడదీసే హద్దు ఆ పని చేస్తుంది. బయటినుంచి వచ్చే స్వరాల విషయంలో ఆ బాధ్యత ఛానల్ అమరికది. కోర్గ్ పీఏ శ్రేణిలో ఒక ఛానల్‌ను "గ్లోబల్" అని నిర్ణయిస్తే, అందులో వచ్చిన స్వరాలను వాద్యం తన సొంత మెట్ల మీద వాయించినట్టే భావిస్తుంది. "కార్డ్" అని నిర్ణయించిన ఛానల్ స్వరాలు కార్డును గుర్తించే విభాగానికి వెళతాయి. యమహా పెద్ద నమూనాలలో ఇదే పనికి "కీబోర్డు", "కార్డ్ డిటెక్ట్" అనే ఎంపికలున్నాయి. చాలా ప్రారంభస్థాయి నమూనాలలో ఈ సౌకర్యం ఉండదు. వాటికి పంపిన స్వరాలు ఏదో ఒక ధ్వనిగా పలుకుతాయే తప్ప స్టైల్‌ను, అంటే పక్కవాద్యాల వరుసను, మార్చలేవు. బయటి కీబోర్డు కలిపినా తాళం కదలడం లేదన్న ఫిర్యాదుకు తరచుగా మూలం ఇదే.

ఆక్టాప్యాడ్‌ను కలిపేటప్పుడు ఛానల్‌తో పాటు స్వర సంఖ్యలు కూడా కుదరాలి. 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం ప్రకారం పదో ఛానల్ తాళవాద్యాలది. అందులో 36 బేస్ డ్రమ్‌కు, 38 స్నేర్‌కు, 42 మూసిన హైహ్యాట్‌కు చెందుతాయి. తబలా, ఢోలక్ వంటి భారతీయ వాద్యాల దెబ్బలకు అటువంటి సర్వసమ్మత సంఖ్యలు లేవు కనుక, కీబోర్డులో ఏ మెట్టు నొక్కితే ఏ దెబ్బ పలుకుతుందో చూసుకుని, ఆ సంఖ్యనే సంబంధిత ప్యాడ్‌కు ఇవ్వాలి. ప్యాడ్‌లోని లయ కీబోర్డు లయతో కలిసి నడవాలంటే ఒకటి నాయకత్వం వహించి గడియార సందేశాలు పంపాలి. ఇవి పావు స్వరానికి, అంటే ఇక్కడ ఒక్కో దెబ్బకు, 24 చొప్పున వెళతాయి కాబట్టి, నిమిషానికి 120 దెబ్బల వేగంలో సెకనుకు 48 సందేశాలు ప్రయాణిస్తాయి.

చిక్కులలో ఎక్కువ భాగం మార్గాలకు సంబంధించినవే. రెండు కంట్రోలర్లను ఒకే ప్రవేశద్వారానికి కలపాలంటే తీగలను ముడివేస్తే సరిపోదు. రెండు వరుసల సందేశాలను క్రమంలో పేర్చే మెర్జర్ అనే పెట్టె కావాలి. పంపిన సందేశం చుట్టుతిరిగి మళ్లీ అదే వాద్యానికి వస్తే ప్రతి స్వరం రెండుసార్లు పలుకుతుంది; అప్పుడు "లోకల్ ఆఫ్" ఎంపికతో మెట్లకూ ధ్వని విభాగానికీ ఉన్న లోపలి లంకెను తెంచాలి. యూఎస్‌బీ తీగ వాడితే చిక్కు వేరు. ఆ పద్ధతిలో ఒక పరికరం యజమానిగా, మరొకటి అనుబంధంగా ఉండాలి. కంప్యూటర్‌కు కలపడానికి ఉద్దేశించిన అరేంజర్ పోర్టు, కంట్రోలర్ పోర్టు రెండూ అనుబంధాలే కనుక, వాటిని నేరుగా కలిపితే ఏమీ జరగదు. మధ్యలో కంప్యూటర్ గానీ, యూఎస్‌బీ హోస్ట్ అనే చిన్న పెట్టె గానీ ఉండాలి.

ఇంతటి ఉపయోగం ఉన్నా మిడి 1.0 పరిమితులు కర్ణాటక సంగీతం వాయించేవారికి తొందరగానే తెలిసివస్తాయి. శ్రుతిని వంచే పిచ్ బెండ్ సందేశానికి 16,384 మెట్లు ఉన్నా, అది ఛానల్‌లోని స్వరాలన్నిటినీ ఒకేసారి వంచుతుంది. కాబట్టి అదే ఛానల్‌లో ఆధార స్వరాన్ని నిలిపి పై స్వరానికి మాత్రమే గమకం ఇవ్వడం కుదరదు. ఒక్కో స్వరానికి ఒక్కో ఛానల్ కేటాయించే పద్ధతి 2018లో ప్రమాణంలో చేరింది. 2020 జనవరిలో ఆమోదం పొందిన మిడి 2.0లో స్వరాన్ని విడిగా వంచే సదుపాయం, 128 అంతరాలకు బదులు 65,536 అంతరాలలో నొక్కుడు వేగాన్ని కొలిచే సూక్ష్మత, రెండు పరికరాలు ముందుగా ఒకదాని శక్తిని మరొకటి అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉన్నాయి. అవతలి పరికరం బదులివ్వకపోతే పాత 1.0 భాషలోనే మాట్లాడాలన్న నియమం కూడా అందులో ఉంది.

మిడి దీర్ఘాయువుకు కారణం ఇక్కడే దొరుకుతుంది: దాన్ని రూపొందించినవారు తక్కువ ఖర్చుతో అందరికీ అందే చిన్న ప్రమాణాన్ని ఎంచుకున్నారు, తర్వాత వచ్చినవారు దాన్ని చెరపకుండా పెంచారు. అందుకే 1983 నాటి మిడి కీబోర్డు ఇప్పటికీ 5 పిన్నుల ద్వారం ఉన్న నేటి అరేంజర్‌ను పలికించగలదు. ఏది ఏ మేరకు పలికిస్తుందో మాత్రం వాద్యాన్నిబట్టి మారుతుంది కనుక, కొత్త కంట్రోలర్ కొనదలచినవారు ముందుగా తమ అరేంజర్‌కు ఏ పోర్టులున్నాయో, బయటి స్వరాలను కార్డుగా గుర్తించే ఎంపిక ఉందో లేదో, దానితో వచ్చిన పుస్తకంలోని మిడి పట్టికలో చూసుకోవడం మంచిది.