అది ఏ పులి?

ఈసారి గోడపత్రికలో కథలూ కవితలే కాకుండా సైన్సుది కూడా ఒకటి ఉండాలని మేడం అనగానే అందరూ నా వైపే చూశారు. పన్నెండో తరగతి దాకా నాకు బయాలజీ ఉండేది, కారణం అంతే. అందులో ఇప్పుడు గుర్తున్నది తక్కువ. కానీ చంద్రపూర్‌లో ఉండి పులి గురించి రాయడానికి ఏమీ లేదంటే ఎవరు నమ్ముతారు? అయితే ఇది పులి అందం గురించి కాదు, పులుల ఫోటోల గురించి. అవి ఎన్ని ఉంటాయి, ఎవరు చూస్తారు, ఒక పులిని ఇంకో పులితో ఎట్లా పోలుస్తారు అన్నది.

మా అత్తావాళ్లది రాజురా వైపు ఊరు. బావ ఒక సర్వేలో రోజుకూలీ మీద పనిచేశాడు. (బావ అనగానే నవ్వకండి, ఆయనకి పెళ్లయింది.) చెట్లకి కట్టిన కెమెరాల నుంచి మెమరీ కార్డులు తేవడం, ఫోటోలని ఫోల్డర్లలో సర్దడం ఆయన పని. పని నేర్పడానికి ఇచ్చిన పాత ఫోటోలు కొన్ని ఆయన దగ్గర ఉంటే ఎండాకాలం సెలవుల్లో నాకు చూపించాడు. గంటసేపు కూర్చున్న. గడ్డి. గడ్డి. ఆవు. గడ్డి. ఎవరిదో సైకిల్ చక్రం. మళ్లీ గడ్డి.

"పులి ఏది బావా?" అంటే, "గదే పని. గడ్డిల నుంచి పులిని తియ్యాలె" అన్నాడు.

ఆ కెమెరాకి కన్ను ఉండదు. ముందు నుంచి వేడిగా ఉన్నదేదైనా కదిలితే అది ఫోటో తీస్తుంది. మన దగ్గర మే నెల ఎండకి గడ్డి కూడా కాగిపోయి ఉంటుంది కదా, గాలికి ఊగితే కెమెరా దాన్నీ జంతువే అనుకుంటుంది. 2022లో దేశమంతా పులులను లెక్కపెట్టినప్పుడు 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫోటోలు 4,70,81,881. అందులో పులి ఉన్నవి 97,399. అంటే సుమారు 480 ఫోటోలు చూస్తే ఒక దాంట్లో పులి. ఫోటోకి ఒక్క సెకను చొప్పున, నిద్ర లేకుండా చూసినా ఒక మనిషికి 545 రోజులు పడుతుంది. అందుకే ఏ ఫోటోలో ఏ జాతి జంతువు ఉందో విడదీసే పనిని 2018 లెక్క నుంచి క్యాట్‌రాట్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చారు. జీవశాస్త్రం అంటే సూక్ష్మదర్శిని, సీసాలో కప్ప అనుకునే నాలాంటి వాళ్లకి ఇది కొత్త సంగతే. ఇప్పుడు అక్కడ పెద్ద కష్టం సమాచారం దొరకకపోవడం కాదు, గుట్టలుగా వచ్చి పడటం.

సరే, పులుల ఫోటోలు విడిగా తీశారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లక్ష ఫోటోలంటే లక్ష పులులు కావు. ఏది ఏ పులో తెలియాలి. చారలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండు పులులకీ ఒక్కలాగా ఉండవు. ఇంతవరకు నాకూ తెలుసు. బావ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి "ఎన్ని పులులు?" అని అడిగితే, చారలు బాగా చూసి, "రెండు" అన్నా చాలా ధీమాగా. ఒక్కటేనట! ఒకటి ఎడమ పక్క, ఒకటి కుడి పక్క. ఒకే పులికి కూడా రెండు పక్కల చారలు వేరువేరుగా ఉంటాయి. అందుకే బాటకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కెమెరాలు కడతారు. ఒక కెమెరా పనిచేయకపోతే ఆ పులి సగమే తెలిసినట్టు. ఇంకోచోట రెండో పక్క మాత్రమే పడితే, రెండూ ఒకటేనని ఏ కంప్యూటరూ చెప్పలేదు.

పోల్చడానికి ఎక్స్‌ట్రాక్ట్ కంపేర్ అనే ప్రోగ్రాం ఉంది. పులి ఎప్పుడూ నిటారుగా నిలబడి ఫోటో దిగదు కదా. వంగుతుంది, సగం తిరుగుతుంది. ఈ ప్రోగ్రాం పులి శరీర ఆకారాన్ని ఫోటో మీద అమర్చి, చారలను సరిచేసి, పాత ఫోటోలతో పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని వరసగా ముందు పెడుతుంది. ఇదే అది అని చివరికి తేల్చేది మాత్రం మనిషి. మన పాఠ్యపుస్తకంలో తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలు చూడటం గురించి చదివాం కదా, నాకు అదే గుర్తొచ్చింది. పోల్చాలంటే పాత ప్రతి ఉండాలి, అది ఎక్కడిదో దాని మీద రాసి ఉండాలి.

ఆ రాసి ఉండటంలోనే పొరపాట్లు ఎక్కువట. బ్యాటరీ మార్చినప్పుడు కొన్ని కెమెరాల్లో గడియారం మొదటికి పోతుంది. తేదీ సరిచేయడం మరిచిపోతే నిన్న నడిచిన పులి ఎన్నో ఏళ్ల కింద నడిచినట్టు నమోదవుతుంది. రెండు కార్డులు ఒకే జేబులో వేసుకుంటే ఏది ఏ చెట్టుదో ఇంక ఎవరూ చెప్పలేరు. పేర్ల గొడవ ఇంకోటి. మా ఇంట్లో అమ్మ మరాఠీలో వాఘ్ వేరు, బిబట్ వేరు అంటుంది. అత్త తెలుగులో పెద్దపులినీ చిరుతనీ రెండింటినీ "పులి" అనేస్తుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాసుకుంటే?

ఇంత చేసినా ప్రతి పులీ కెమెరా ముందుకి రాదు. మరి రానివాటిని ఎట్లా లెక్కపెడతారు? దీనికి చింతగింజలు తెచ్చుకోండి. డబ్బాలో ఎన్ని ఉన్నాయో తెలియదు. 20 తీసి సున్నం బొట్టు పెట్టి మళ్లీ వేసి కలపండి. తర్వాత 30 తీయండి. అందులో బొట్టువి 6 వచ్చాయనుకుందాం, అంటే అయిదింట ఒకటి. మనం బొట్టు పెట్టినవి 20 కాబట్టి డబ్బాలో దాదాపు 100 ఉన్నట్టు. పులికి బొట్టు పెట్టక్కర్లేదు, చారలే బొట్లు. అసలు పద్ధతి ఇంతకంటే చాలా కష్టమైనదే కానీ మూలం ఇదే. 2022లో ఫోటోల్లో విడివిడిగా గుర్తించిన పులులు 3,080, దేశం మొత్తానికి సగటు అంచనా 3,682. రెండు అంకెలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది కదా. ఒకే పులిని పొరపాటున రెండుగా రాస్తే బొట్టువి తక్కువ దొరికినట్టవుతుంది, మొత్తం అంకె పెరిగిపోతుంది. పూర్వం పాదముద్రలను బట్టి లెక్కపెట్టేవాళ్లు. రాజస్థాన్‌లోని సరిస్కాలో లెక్కల్లో పులులు ఉన్నాయి, అడవిలో ఒక్కటీ లేదని 2005లో బయటపడింది. ఆ తర్వాతే దేశమంతా కెమెరాల పద్ధతికి మారింది.

పులికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. మన తాడోబా వైపు పులులు నది దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి పోతుంటాయి. అక్కడి ఫోటోని ఇక్కడి ఫోటోలతో పోల్చకపోతే ఒకే పులి రెండు రాష్ట్రాల్లో రెండు పులులవుతుంది. అందుకే అన్ని ఫోటోలకీ కలిపి జాతీయ భాండాగారం ఒకటి పెట్టారు.

తాడోబా "మాయ" మీకందరికీ తెలుసు, సఫారీకి పోనివాళ్లకి కూడా. లెక్కల్లో దాని పేరు టీ-12. 2023 ఆగస్టు తర్వాత అది కనిపించలేదు. నవంబరులో ఎముకలు దొరికాయి. ఎముకల మీద చారలుండవు కదా! వాటిని బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌కి పంపారు. పులి డీఎన్ఏలో దాదాపు 240 కోట్ల అక్షరాలుంటాయి, పాడైపోయిన అవశేషాల నుంచి దొరికేది ముక్కలు ముక్కలుగానే. అయినా మాయ బతికున్నప్పుడు సేకరించి, దానిదేనని రాసి దాచిన పెంట నమూనాలు ఉన్నాయి కాబట్టి పోల్చగలిగారు. మాయదేనని తేలింది. ఆ పెంటని ఏరి పొట్లం మీద పేరు రాసినవాళ్లెవరో పేపర్లో రాలేదు.

మా అత్తకి 3,682 అనే అంకెతో పనిలేదు. రాజురా అడవుల్లో ఆర్‌టీ-1 అనే మగపులి ఎనిమిది మందిని చంపిన తర్వాత 2020 అక్టోబరులో పట్టుబడింది. అప్పటి సంగతులు అత్త ఇప్పటికీ చెబుతుంది, పొద్దున ఇప్పపూలకి పోవడం ఎట్లా మానేశారో, పత్తి చేన్లకి గుంపుగా ఎట్లా పోయేవాళ్లో. అలాంటప్పుడు పులిని పట్టాలంటే ముందు అది ఏ పులో తేల్చాలని నియమం ఉంది. ఫోటోని పాతవాటితో పోల్చాలి. లేకపోతే ఏ పాపం ఎరగని పులి బోనులో పడుతుంది, చంపింది చేను పక్కనే ఉంటుంది. ఆ పోల్చడం అయ్యేదాకా ఊళ్లో రాత్రిళ్లు ఎంత పొడుగో అత్తని అడగాలి.

నేను తిరిగి వచ్చే ముందురోజు కూడా ఎవరో వాగు దగ్గర పులి అడుగులు చూశామన్నారు. అత్త బావని అడిగింది, "పోయినేడాదిదేనారా, కొత్తదా?"

"కార్డు రేపు తీస్తం" అన్నాడు బావ.