గరిటె పుట్టకముందే చీటీ రాస్తే

నాయనా, సీతారామపురం నుంచి ఉదయగిరి పోయినప్పుడల్లా ఆ కర్ర గరిటెలూ స్పూన్లూ చూస్తుంటావు కదా. నర్ది కర్ర, బిక్కి కర్ర తెచ్చి చేత్తో చెక్కుతారు, పిడి మీద సన్నని నగిషీ దిద్దుతారు. భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న పనితనం అది. వాటి లెక్క కోసం నువ్వు జావాలో ప్రోగ్రాం రాయడం నాకెంతో సంతోషం. కానీ ఎన్ని గరిటెలు చేర్చినా వరుస నంబరు 1 దాటడం లేదంటున్నావు. రా, చూద్దాం.

గరిటె అనే క్లాస్ ఒకటే. దాన్నుంచి పుట్టే ఆబ్జెక్టులు ఎన్నయినా. కర్ర రకం, పొడవు, వెల ఏ గరిటెవి ఆ గరిటెకే. ఆఖరున ఇచ్చిన నంబరు మాత్రం అన్నిటికీ ఉమ్మడి సొత్తు. దాని ముందు స్టాటిక్ అని రాయకపోతే ప్రతి గరిటే తన సొంత సున్నాతో పుట్టి, ఒకటి కలుపుకుని, నేనే 1 అంటుంది. నీకు జరుగుతున్నది అదే. స్టాటిక్ అని రాస్తే ఆ సున్నా ఒక్కసారే పడుతుంది. అదీ ప్రోగ్రాం మొదలవగానే కాదు, ఆ క్లాస్‌తో తొలిసారి పని పడ్డప్పుడు. రెండు థ్రెడ్లు ఒకేసారి వచ్చి పడ్డా జావా ఒకదాన్ని ఆపి, ఆ పని ఒక్కసారే జరిగేలా చూస్తుంది. తర్వాత నంబరు పెంచేటప్పుడు మాత్రం నీ జాగ్రత్త నీదే.

ఇక ఒక్కో గరిటె పుట్టుక. న్యూ అనగానే ముందు మెమరీలో చోటు దొరుకుతుంది. అందులో అంకెల చోట సున్నా, అవునో కాదో చెప్పాల్సిన చోట ఫాల్స్, స్ట్రింగుల్లాంటి వాటి చోట నల్. ఆ తర్వాత నువ్వు రాసిన 'కర్రసామాను' అనే తల్లి క్లాస్ కన్‌స్ట్రక్టర్ పూర్తిగా నడవాలి. అప్పుడుగాని గరిటె ఫీల్డులకు నువ్వు పక్కనే రాసిన విలువలు చేరవు. చిట్టచివర గరిటె కన్‌స్ట్రక్టర్ వంతు.

అసలు గుంట ఇక్కడుంది. తల్లి కన్‌స్ట్రక్టర్‌లోనే చీటీ ముద్రించే మెథడ్‌ని పిలిచావనుకో. నగిషీ పేరు కూడా వేసేలా గరిటె ఆ మెథడ్‌ని తిరగరాసుకుంది. జావా ఆ పిల్ల మెథడ్‌నే పిలుస్తుంది. నగిషీ 'నెమలి' అని గరిటె క్లాస్‌లో కళ్లెదుటే ఉంటుంది, చీటీ మీద మాత్రం నల్ అని పడుతుంది! 'నెమలి' అని రాసిన ఆ లైను ఇంకా నడవలేదు మరి. సీ ప్లస్ ప్లస్‌లోనైతే ఆ సమయానికి తల్లి మెథడే నడుస్తుంది. కన్‌స్ట్రక్టర్ ముగిసేదాకా ఆబ్జెక్టుకు ఏ పనీ చెప్పకు, చీటీ తర్వాత ముద్రించుకోవచ్చు.

తల్లి ముందు, పిల్ల తర్వాత అనే వరస పాతదే. ఓస్లోలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67 భాషలోనే ఉంది. ఆ ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు దక్కింది.

రేపు పైథాన్‌లో రాస్తానన్నావు కదా, అక్కడ కన్‌స్ట్రక్టర్ లాంటిదే ఇనిట్; పిల్ల క్లాస్ సొంత ఇనిట్ రాసుకుంటే తల్లి ఇనిట్ తనంతట తాను నడవదు. సూపర్ అని నువ్వే పిలవాలి. ఫొటోల కోసం ఖాళీ లిస్టును క్లాస్ ఒంట్లో రాశావో, ఒక గరిటెకు చేర్చిన ఫొటో అన్ని గరిటెలకూ కనబడుతుంది. దాన్ని ఇనిట్ లోపల, సెల్ఫ్‌కి తగిలించి రాయి.