పందెపు బొమ్మకారు

రేడియో తరంగములచే నడుచు చిన్నకారును చూచి పలువురు దానిని పసివారి ఆటవస్తువని తలంతురు. చూపునకు అది బొమ్మయే. పొడవు రెండు జేనలకు మించదు. బరువు కిలోన్నర ప్రాంతము. కాని దానిలో విద్యుచ్ఛక్తి కలదు, యంత్రశాస్త్రము కలదు, గణితము కలదు. కొత్తగూడెము ప్రాంతపు ఉపరితల గనులలో బొగ్గు మోయు డంపరునకు ఏ సూత్రములు వర్తించునో, ఈ చిన్నకారునకును అవియే వర్తించును. ఇట్టి కార్లతో అనేక దేశములలో క్లబ్బులవారు పందెములు జరుపుదురు. ఆ పందెములలో ఎక్కువ వెలపెట్టి పెద్ద మోటారు కొన్నవాడు గెలుచునా? లేక ఉన్న మోటారును ఎఱిగి వాడుకొన్నవాడు గెలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకై మోటారు, పళ్లచక్రములు, టైర్లు అను మూడింటిని గుఱించి ఈ పాఠమున విచారింతము.

తీగ లేకుండ దూరమునుండి వాహనమును నడుపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవను నడిపి లోకమునకు చూపెను. బొమ్మకార్లకు ఈ విద్య అబ్బుటకు చాలకాలము పట్టినది. 1976లో జపాను దేశమందలి షిజువోకా నగరపు టామియా సంస్థ పోర్షె కారును పోలిన రేడియో కారును విపణిలోనికి తెచ్చెను. అప్పటినుండి ఈ వినోదము వేగముగా వ్యాపించెను. 1985లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, డెల్ మార్ అను ఊర, మట్టిదారిపై పరుగెత్తు విద్యుత్కార్లకు ప్రపంచ పోటీ జరిగెను. ఆ కార్లు అసలు కారులో పదవవంతు కొలత గలవి. నేటికిని ఆ కొలత కార్లే క్లబ్బులందు మిక్కిలి ప్రచారములో నున్నవి.

పందెము జరుగు తీరు తెలిసిన గాని తక్కిన విషయములు బోధపడవు. మలుపులు, ఎత్తుపల్లములు గల చిన్న దారిని ఏర్పఱతురు. నడుపువారు ఎత్తైన వేదికపై నిలుతురు. చేతిలోని పెట్టెకు ఒక చిన్న చక్రము, తుపాకి మీటవంటి మీట ఒకటి ఉండును. చక్రము త్రిప్పిన కారు మలుపు తిరుగును. మీట నొక్కిన ముందునకు పోవును. సాధారణముగా అయిదు నిమిషముల కాలములో ఎవరి కారు ఎక్కువ చుట్లు తిరిగి వచ్చునో వారే విజేతలు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. ఖమ్మము, కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో జరుగు బండలాగుడు పందెములను మీరు చూచియే యుందురు. అందును నిర్ణీత కాలములో ఏ జత ఎంత దూరము బండను లాగెనో కొలిచి బహుమతి నిత్తురు. రెండు పళ్ల గిత్తలను ఆరు పళ్ల గిత్తలతో పోటీకి నిలుపరు. ఏ వయస్సు పశువులకు ఆ విభాగము వేఱుగా ఉండును. బలము సమానమైనప్పుడే పెంపకముయొక్క నేర్పు, తోలువాని నేర్పు బయటపడును గదా! రేడియో కార్ల పందెములలో ఈ విభజన మోటారునుబట్టి జరుగును.

మోటారు లోపల ఇనుపరేకుల దిమ్మెపై రాగితీగ చుట్టబడి యుండును. ఆ తీగ ఎన్ని చుట్లు చుట్టబడెనో ఆ సంఖ్యనుబట్టి మోటారు స్వభావము మారును. చుట్లు తగ్గినకొలది మోటారు వడిగా తిరుగును. కాని విద్యుత్తును ఎక్కువగా త్రాగును, త్వరగా వేడెక్కును. చుట్లు పెరిగినకొలది నెమ్మదిగా తిరుగును, చల్లగా ఉండును, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చును. పూర్వపు మోటార్లలో కార్బన్ బ్రష్షులు ఉండెడివి. ఆ రకమున 27 చుట్ల మోటారు సామాన్య విభాగమునకు చెందినది. ఇప్పుడు బ్రష్షులు లేని మోటార్లు వచ్చినవి. వీనిలో తీగచుట్టలు కదలక యుండును, అయస్కాంతము తిరుగును. ఒరపిడి తక్కువ గనుక అరుగుదలయు తక్కువ. ఈ రకమున 17.5 చుట్ల మోటారు సామాన్య విభాగమునకు వాడబడుచున్నది. క్రొత్తగా నేర్చుకొనువారు ఈ విభాగముతో ఆరంభించుట మేలు. అదుపు చేయలేని వేగము మలుపువద్ద కారును బోల్తా కొట్టించును. బోల్తాపడిన కారును లేపులోపల నెమ్మదిగా పోవు కారు దానిని దాటిపోవును.

ఇక పళ్లచక్రముల సంగతి. భద్రాచలము నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లికి పోవు కనుమదారిలో బరువుతో ఎక్కు లారీని గమనింపుడు. డ్రైవరు క్రింది గేరు వేయును. ఇంజను పెద్దగా మ్రోగును, బండి మాత్రము మెల్లగా ఎక్కును. సమతలమునకు రాగానే పై గేరు వేయును. క్రింది గేరులో బలము ఎక్కువ, వేగము తక్కువ. పై గేరులో వేగము ఎక్కువ, బలము తక్కువ. రెండును ఒక్కసారి లభింపవు. ఇది ప్రకృతి నియమము. లారీలో గేరును దారిలోనే మార్చవచ్చును. పందెపు బొమ్మకారులో అట్టి సౌకర్యము సాధారణముగా ఉండదు. పందెమునకు ముందే ఆలోచించి ఒక్క గేరును నిర్ణయించుకొనవలెను. కావుననే దీనికి లెక్క కావలెను.

మోటారు ఇరుసునకు బిగించు చిన్న పళ్లచక్రమును పినియన్ అందురు. దానిచే త్రిప్పబడు పెద్ద పళ్లచక్రమును స్పర్ గేరు అందురు. పెద్దదాని పళ్లను చిన్నదాని పళ్లచే భాగింపుడు. ఆ వచ్చినదానిని కారు లోపలి గేరుపెట్టె నిష్పత్తిచే గుణింపుడు. చక్రము ఒక్కసారి తిరుగుటకు మోటారు ఎన్నిసార్లు తిరుగవలెనో ఆ సంఖ్య వచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. స్పర్ గేరునకు 78 పళ్లు, పినియన్‌కు 26 పళ్లు, లోపలి నిష్పత్తి 2.6 అనుకొనుడు. 78ని 26చే భాగింపగా 3, దానిని 2.6చే గుణింపగా 7.8. మోటారు వోల్టునకు నిమిషమునకు 3,000 భ్రమణములు చేయునది, బ్యాటరీ 7.4 వోల్టులది అయినచో, బరువు లేనప్పుడు మోటారు నిమిషమునకు 22,200 సార్లు తిరుగును. దానిని 7.8చే భాగింపగా చక్రము 2,846 సార్లు తిరుగును. టైరు అడ్డుకొలత 85 మిల్లీమీటర్లు అయినచో దాని చుట్టుకొలత సుమారు 267 మిల్లీమీటర్లు. కావున కారు నిమిషమునకు 760 మీటర్లు, అనగా గంటకు ఇంచుమించు 45 కిలోమీటర్లు పోగలదు. గాలి, నేల, బరువు అడ్డుతగులుటచే నిజమైన వేగము ఇంతకు కొంత తగ్గును.

ఇప్పుడు 26 పళ్ల పినియన్ తీసి 20 పళ్లది బిగింతము. నిష్పత్తి 10.14 అగును. వేగము గంటకు 35 కిలోమీటర్లకు దిగును. కాని చక్రమునకు అందు బలము 30 శాతము పెరుగును. మలుపు దాటగానే కారు చివాలున లేచి ముందునకు దూకును. దారి చిన్నదై, మలుపులు దగ్గఱగా ఉన్నచో, 45 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు చోటే ఉండదు. అట్టిచోట 20 పళ్ల కారే ముందు వచ్చును. తిన్నని దారి చివఱకు వచ్చుసరికి కారు తన గరిష్ఠవేగమును అప్పుడే అందుకొనునట్లు గేరును ఎన్నుకొనవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

పెద్ద పినియన్ బిగించుటలో మఱియొక అపాయము కలదు. 20 పళ్లకు బదులు 26 పళ్లు బిగించి, కారును మునుపటివలెనే తోయవలెనన్నచో, మోటారు 30 శాతము ఎక్కువగా శ్రమింపవలెను. అందులకు అంతే ఎక్కువ విద్యుత్ప్రవాహము కావలెను. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగునని మీరు పై తరగతులలో చదువుదురు. 1.3 వర్గము 1.69. అనగా వేడి 69 శాతము హెచ్చును! ఆఱు పళ్ల ఆశకు ఇంత మూల్యము. మోటారు సుమారు 80 డిగ్రీలు దాటి కాగకుండ పందెగాండ్రు జాగ్రత్తపడుదురు. మితిమీఱి కాగినచో అయస్కాంతము శక్తిని కోల్పోవును, తీగపై పూత మాడిపోవును. చలిదేశమున మోటారునకు కాగుటకు చాల అవకాశము కలదు. మన కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములందు వేసవిలో గాలియే 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. మిగిలిన అవకాశము స్వల్పము. కావున పరదేశపు పుస్తకములో వ్రాసిన గేరును మన ఎండలో కన్నుమూసికొని బిగింపరాదు. ఒకటి రెండు పళ్లు తగ్గించి ఆరంభించి, రెండు నిమిషములు నడిపి, మోటారు వేడిని కొలిచిన పిదపనే మార్పు చేయవలెను.

పినియన్, స్పర్ గేరు మరీ బిగువుగా కఱచుకొన్నచో శక్తి వృథా యగును. మరీ వదులైనచో పళ్లు అరిగి ఊడును. రెండింటి నడుమ పలుచని కాగితపు ముక్కను పెట్టి మోటారును బిగించి, పిమ్మట కాగితమును లాగివేయుట సులభమైన ఉపాయము.

మోటారు ఎంత బలమైనదైనను ఆ బలమును నేలకు అందించునది టైరు. పట్టులేని టైరు ఉన్నచోటనే గిరగిర తిరుగును. నేలనుబట్టి టైరును ఎన్నుకొనవలెను. మన ప్రాంతపు నేలలనే చూడుడు. పొడిపొడిగా ఉండు చల్క నేలలో పొడవైన ముల్లులుగల టైరు మట్టిలో దిగి పట్టు సంపాదించును. త్రొక్కి త్రొక్కి గట్టిపడిన నేలపై అదే ముల్లు వంగి జారును. అక్కడ పొట్టి ముల్లులు దగ్గఱ దగ్గఱగా ఉన్న టైరు కావలెను. దుమ్ములేని నున్నని గచ్చుపై ముల్లులు లేని నున్నని టైరే మేలు. గోదావరి ఇసుకతిన్నెపై నడుపుటకు తెడ్లవంటి అడ్డపట్టీలు గల టైరు తగినది. తడిసిన నల్లరేగడిలో ముల్లుల సందులు మట్టితో పూడిపోవును. బండిచక్రమునకు రేగడి అంటుకొనుట ఎఱిగినవారికి ఇది చెప్ప నక్కఱలేదు.

టైరు రబ్బరులో మెత్తనిది, గట్టిది అను భేదము కలదు. మెత్తనిది చక్కగా పట్టును, త్వరగా అరుగును. గట్టిది చాలకాలము వచ్చును, పట్టు తక్కువ. ఎండకు రబ్బరు మెత్తబడును గనుక చల్లని ఉదయమున పనికివచ్చినది మిట్టమధ్యాహ్నమున పనికిరాకపోవచ్చును. ఇంకొకటి గమనింపుడు. పెద్ద టైరు ఒక్క చుట్టులో ఎక్కువ దూరము పోవును. కావున టైరు పెద్దదైనచో పినియన్ పళ్లు పెంచినట్లే మోటారుపై భారము పడును. టైరు మార్చినవాడు గేరు లెక్కను మరల చూచుకొనవలెను.

ఒక్కసారి ఒక్క మార్పే చేయవలెను. మోటారు, గేరు, టైరు మూడును ఒకనాడే మార్చినచో ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియదు. పళ్ల సంఖ్య, టైరు రకము, ఎండ, మోటారు వేడి, ఒక చుట్టునకు పట్టిన కాలము ఇవన్నియు నోటుపుస్తకమున వ్రాసికొనుట అలవాటు చేసికొనవలెను.

బ్యాటరీ విషయమున ఏమరుపాటు కూడదు. ఈ కార్లలో వాడు లిథియము బ్యాటరీని ఒక్కొక్క ఘటమునకు 4.2 వోల్టులకు మించి నింపరాదు. ఉబ్బిన దానిని, దెబ్బతిన్న దానిని వాడరాదు, అది అంటుకొనవచ్చును. నింపునప్పుడు పెద్దలు దగ్గఱ ఉండవలెను. గడ్డి, కాగితములు, గుడ్డలు సమీపమున ఉండరాదు.

ఈ క్లబ్బులలో ఒక మంచి ఆచారము కలదు. ఒక పందెములో పాల్గొన్నవారు తరువాతి పందెమున దారిపొడవున నిలిచి, బోల్తాపడిన ఇతరుల కార్లను లేపి నిలుపుదురు. తనను ఓడించినవాని కారైనను చేయి చాచి లేపవలసినదే. అందఱికి ఒకే మోటారు, అందఱికి ఒకే సాయము. తేడా చూపునది ఎవరి ఆలోచన వారిదే. ఇరవై పళ్ల చక్రమునకును ఇరువదియాఱు పళ్ల చక్రమునకును గల భేదమును కాగితముపై తేల్చగల బాలుడు రేపు గనిలో యంత్రమును, పొలములో పంపును, వాగులు దాటి రోగిని తీసికొనిపోవు వాహనమును బాగుచేయగలడు. కావున విద్యార్థులు చక్రము తిరుగుటను చూచి ఆనందించుటయే గాక, అది ఏల అట్లు తిరుగుచున్నదో లెక్కవేసి తెలిసికొనవలెను.