జీపు ఎత్తు పెంపు
జీపు ఎత్తు పెంపు అనగా జీపు చట్రాన్ని ఇరుసుల నుండి మరింత పైకి లేపుట. నెల్లూరు జిల్లాలోని మైపాడు, కోడూరు వంటి ఇసుక తీరాలలో అడుగుభాగం నేలకు తగలకుండుటకు ఇది ఉపకరిస్తుంది. నిజానికి మెత్తని ఇసుకలో ఎత్తు కన్నా టైర్లలో గాలి తగ్గించడమే ఎక్కువ మేలు.

పాత మహీంద్రా జీపులలో కమాను కట్టలు ఇరుసు క్రింద ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మార్చితే చట్రం, దానితో పాటు స్టీరింగు పెట్టె లేస్తాయి. చక్రాలు మాత్రం క్రిందనే ఉంటాయి. అందువలన రెండింటినీ కలిపే డ్రాగ్ లింకు బాగా ఏటవాలవుతుంది. అప్పుడు గుంతలలో ఇరుసు పైకీ క్రిందికీ కదిలినపుడల్లా, చోదకుడు తిప్పకనే చక్రాలు ప్రక్కకు తిరుగుతాయి. దీనిని బంప్ స్టీర్ అంటారు. ఇసుకలో నెమ్మదిగా పోవునపుడు ఇది అంతగా తెలియదు. తిరిగి వచ్చి 16వ నంబరు జాతీయ రహదారిపై వేగం పెంచినపుడు ప్రమాదకరమవుతుంది.

క్రిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ అమర్చి లింకును వీలైనంత సమతలానికి తేవాలి. క్యాస్టర్ కోణం సరిచేయకపోతే మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను నేరుగా రాదు. బ్రేకు గొట్టాల పొడవు చాలునో లేదో కూడా చూడాలి. ఉప్పుగాలికి లింకుల కీళ్ళు త్వరగా తుప్పు పడతాయి.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించింది.